మండుటెండలో తేనెపట్టు

రోహిణీకార్తె యెండలలో మధ్యాహ్నవేళ మనము తలుపులు మూసికొని, వట్టివేళ్ల తడకలపై నీరు చల్లి, ఇంటిని చల్లబరచుకొందుము. సరిగా ఆ వేళకే పెరటిలోని తేనెటీగలును తమ గూటిలో అట్టి పనియే చేయుచుండును. అందులకై అవి చెల్లించు మూల్యమెట్టిదో శ్రోతలకు నేడు విన్నవింపదలచితిమి.

తేనెపట్టులో పిల్లపురుగులు పెరుగు అరలు సుమారు 34, 35 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో నుండవలెను. అంతకు మిక్కిలి మించినచో పురుగులు చెడును. మైనము మెత్తబడి పట్టు జారిపోవు భయమును కలదు. కావున బయట 44, 45 డిగ్రీల యెండ కాయునపుడు కొన్ని యీగలు నిలిచి రెక్కలతో విసరును. మరికొన్ని నీరు తెచ్చి అరలలో పలుచగా పూయును. కూజాలోని నీరు చల్లబడునట్లే, ఆ తడి యారుచు గూటిని చల్లబరచును.

ఇందువలన వాని దినచర్యయే మారిపోవును. మకరందము, పుప్పొడి తెచ్చు పని ఉదయ సాయంకాలములకు కుదించుకొనిపోవును. మిట్టమధ్యాహ్నమున ఎగురునవి చాలవరకు నీటికొరకే ఎగురును.

నీరు కావలెనని వానికి తెలుపునదెవరు? జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు మార్టిన్ లిండౌవర్ 1950 దశకమున ఈ సంగతిని పరిశోధించెను. తెచ్చిన నీటిని లోపలి యీగలు ఆత్రముగా అందుకొన్నచో, తెచ్చిన యీగ వెంటనే మరల నీటికి పోవును. అవి జాగుచేసినచో క్రమముగా మానుకొనును. ఆజ్ఞాపించువారు లేకయే ఆ సంసారము సాగుచున్నది.

కాని నీటికి పోయిన యీగ తేనె తేజాలదు. విసరు యీగకు బలము నిచ్చునదియు నిలువయున్న తేనెయే. రాబడి తగ్గి, ఖర్చు పెరిగిన కాపురము ఎన్నినాళ్లు నిలుచును? వడగాడ్పులు దినముల తరబడి వీచి, పువ్వులును కరవైనచో, పెట్టెలలో పెంచు మన దేశపు తేనెటీగ గూడు విడిచి లేచిపోవుటయు కలదు. అపుడు నష్టము తేనెకు మాత్రమే కాదు. ఉదయమున విచ్చు గుమ్మడి, దోస పువ్వులకు పుప్పొడి చేర్చువారు తగ్గుదురు, పిందె నిలువదు.

మనము చేయదగినది స్వల్పమే. తేనెపెట్టెను చెట్టునీడకు మార్చవలెను. చేరువనే ఒక మూకుడులో నీరు పోసి, ఈగలు వాలి మునిగిపోకుండ నాలుగు గులకరాళ్లు వేయవలెను. ఆ నీటిని ఏనాడును ఎండనీయరాదు. దూరపు చెరువునకు పోవు శ్రమ తప్పినచో, మిగిలిన యీగలు పువ్వుల దారి పట్టును.