వేట నిషేధపు రోజుల్లో ఒక బడి
(స్మారకోపన్యాసం, కొత్తపట్నం)



ఏటా జరిగే ఈ స్మారక సభకు నన్ను పిలుస్తూ నిర్వాహకులు రెండు కోరికలు కోరారు. పరిశోధనలోకి కొత్తగా అడుగుపెట్టిన పిల్లలకు పనికొచ్చేది చెప్పాలి, మిగతావాళ్లకు నిద్ర రాకుండా చూడాలి. మొదటిదానికి ప్రయత్నిస్తాను. పైరగాలి ఇంత హాయిగా తగులుతుంటే రెండోదానికి పూచీ పడలేను.

ఇందాక టీ తాగుతుండగా పల్లెపాలెం మత్స్యకారుల్లో పెద్దాయన ఒకరు నన్నడిగారు: "అయ్యా, మా నాయన తెప్ప మీద కనుచూపు మేరలో తెచ్చిన చేప, ఇయ్యాల ఇంజను బోటేసుకుని అంత దూరం పోయినా ఎందుకు దొరకటంలా?" అప్పుడు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆయనకే అనుకోండి.

ముందు నీటి సంగతి. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ తమ నీళ్లను బంగాళాఖాతంలోనే దించుతాయి. మంచినీళ్లు తేలిక, ఉప్పునీళ్లు బరువు. తేలికనీళ్లు పైన పరుచుకుని కూర్చుంటే గాలి ఎంత వీచినా కింది నీళ్లు పైకి రావడం కష్టం. చేపల మేతకు మూలమైన నైట్రేటు, ఫాస్ఫేటు ఆ కిందే ఉండిపోతాయి. అరేబియా సముద్రంతో పోలిస్తే మన సముద్రంలో సారం తక్కువ కావడానికి ఇదొక ముఖ్య కారణం. దీనికి తోడు మన తీరం వెంట ఒక పెద్ద ప్రవాహం ఉంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి పోతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి తిరుగుతుంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన సతీష్ షెట్యే, ఆయన సహచరులు దీన్ని ఓడల మీద తిరిగి కొలిచి 1990లలో వరుసగా వ్యాసాలు రాశారు. అంటే కార్తీకమాసంలో కొత్తపట్నం ఒడ్డున మునక వేసేవారికి తగిలే నీళ్లలో గంగా బ్రహ్మపుత్రల వాటా కూడా ఉంటుంది. పుణ్యం లెక్క నాకు తెలియదు, ఉప్పు లెక్క మాత్రం అలాగే ఉంది.

ఇదంతా భౌతికశాస్త్రం. పెద్దాయన ప్రశ్న ఇక్కడితో తీరదు. నడిసముద్రంలో సుమారు వంద మీటర్ల లోతు దాటితే, అక్కడి నుంచి కొన్ని వందల మీటర్ల మందాన ప్రాణవాయువు దాదాపు లేని పొర ఉంది. "దాదాపు" అన్న మాటను గట్టిగా పట్టుకోండి. అరేబియా సముద్రంలో అలాంటి పొరలోని సూక్ష్మజీవులు నైట్రేటును నత్రజనిగా మార్చి నీటికి దక్కకుండా చేస్తాయి. బంగాళాఖాతంలో మిగిలిన ఆ కాస్త ప్రాణవాయువే ఆ నష్టాన్ని ఆపుతోందని 2017లో ఒక అంతర్జాతీయ బృందం తేల్చింది. ఇది రసాయనశాస్త్రమా, సూక్ష్మజీవశాస్త్రమా? రెండూను. ఆ కాస్తా కూడా పోతే మేత ఇంకా తగ్గుతుందన్నది మాత్రం పెద్దాయన వలకు సంబంధించిన విషయం.

ఇక చేప జాడ చెప్పే సంగతి. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే సంస్థ 1999 నుంచి ఉంది. సముద్రం లేని ఊళ్లో సముద్ర సమాచార కేంద్రం ఏమిటని నవ్వేవాళ్లున్నారు. ఉపగ్రహం చూసే సముద్రానికి ఒడ్డుతో పనేముంది? నీటి ఉపరితలం వేడిమి, నీటిలోని పచ్చదనం చూసి, చేప చేరడానికి వీలున్న చోటు ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్లలో, ఎంత లోతులో ఉందో వారు రేవులవారీగా చెబుతారు. మబ్బు పడితే ఆ ఉపగ్రహ చిత్రాలకు గండి పడుతుంది. వేటగాడికి సమాచారం బాగా కావలసిన వానాకాలంలోనే మబ్బులు ఎక్కువ. ఈ గండిని పూడ్చడం నేటి కుర్ర పరిశోధకులకు మంచి పని.

ఇంతా చేసి నీళ్లనే తప్పు పట్టలేం. బోట్లు పెరిగాయి, వల కన్ను చిన్నదైంది, డీజిలు ధర పెరిగేకొద్దీ ఖర్చు రాబట్టుకోవాలన్న ఆత్రమూ పెరిగింది. సముద్రంలో చేప తగ్గిందా, చేపకు వాటాదారులు పెరిగారా? ఇది ఏ ప్రయోగశాలలోనూ తేలదు. ఆర్థికశాస్త్రం, చట్టం, రేవులో వేలం పాటగాడి చిట్టా కలిపి చూడాలి.

ఒక్క మనిషి ఒక్క మాట అడిగితే ఐదారు డిపార్టుమెంట్ల తలుపులు తట్టాల్సి వచ్చింది. పరిశోధనలో చేరిన పిల్లలు హడలిపోయేది ఇక్కడే.

డిపార్టుమెంట్ల గోడలు లేవక ముందు మన తెలుగునాట ఏం జరిగిందో చూద్దాం. 1952లో అమెరికా నౌకాదళపు ప్రయోగశాల నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఆయనకు దొరికిన శిష్యులెవరూ సముద్రశాస్త్రం చదువుకున్నవారు కాదు. ఆ చదువే అప్పటికి ఇక్కడ లేదు. భూగర్భశాస్త్రం, భౌతికశాస్త్రం, జంతుశాస్త్రం చదివిన కుర్రాళ్లను వెంటబెట్టుకుని నౌకాదళం ఓడలెక్కారు. అడుగునుంచి బురద తీశారు, నీటి వేడిమి కొలిచారు, ప్లవకాలు పట్టారు. వాల్తేరు ఒడ్డున ఇసుక ఏ నెలలో కోసుకుపోతుందో, ఏ నెలలో తిరిగి చేరుతుందో గుర్తులు పెట్టుకుని చూశారు. ఆ పనంతా 1954లోనూ 1958లోనూ విశ్వవిద్యాలయం ప్రచురించిన రెండు సంపుటాల్లో ఉంది. 1959 నుంచి 1965 దాకా సాగిన అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో మన తీరానికి ఎదురుగా, పెన్నా నదీముఖం వైపు, సముద్రం అడుగున పెద్ద లోయలు కనిపిస్తే లాఫాండ్ వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మహదేవన్ భూగర్భశాస్త్ర ఆచార్యులు, కృష్ణ వైస్ చాన్సలర్ వి.ఎస్. కృష్ణ. మనలో ఎంతమంది ఆ పేర్లు విన్నారో చేతులెత్తమని అడగను, నిర్వాహకులు ఇబ్బంది పడతారు.

ఆ విశ్వవిద్యాలయంలోనే పి.ఎన్. గణపతిగారి పర్యవేక్షణలో ఇసుక రేణువుల సందుల్లో బతికే జీవుల మీద పని జరిగింది. పిల్లలు రేపు పొద్దున్నే చేసి చూడదగ్గ పని ఇది. అల వెనక్కు పోయిన చోట తడి ఇసుక ఒక చారెడు సీసాలో వేయండి. అందులో మంచినీళ్లు పోసి, మూతపెట్టి, నెమ్మదిగా పదిసార్లు తిప్పండి. ఉప్పు ఒక్కసారిగా తగ్గేసరికి రేణువుల్ని పట్టుకుని ఉన్న జీవులు పట్టు వదిలేస్తాయి. ఇసుక అడుక్కు దిగగానే పైనీళ్లను మెత్తటి బట్టలో వడగట్టి, బట్టకు అంటిన దాన్ని సముద్రపు నీటి చుక్కలో కలిపి కాలేజీ మైక్రోస్కోపు కింద పెట్టండి. దారపు పోగుల్లాంటి గుండ్రటి పురుగులు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. రొయ్యకు దూరపు చుట్టాలైన కోపిపాడ్లు గింజుకుంటూ కనిపిస్తాయి. ఉత్త ఇసుక అని మనం చెప్పులు విడిచి నడిచే చోటే ఇదంతా. వాటి సంఖ్య ఎందుకు మారుతుందని అడగండి. రేణువు పరిమాణం భూగర్భశాస్త్రవేత్తకు తెలుసు, అలల జోరు భౌతికశాస్త్రవేత్తకు తెలుసు, సందుల్లోని ప్రాణవాయువు రసాయనశాస్త్రవేత్త కొలుస్తాడు. జంతుశాస్త్రంతో కలిపి నాలుగు చదువులూ ఆ చారెడు ఇసుకలోనే కలుసుకున్నాయి.

రొయ్యల చెరువుల గురించి అడుగుతారని తెలుసు. టైగర్ రొయ్యను తెల్లమచ్చ తెగులు 1990ల నడుమ ఊడ్చేసింది, 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చింది. ఇప్పుడు ఈహెచ్‌పీ అనే సూక్ష్మపరాన్నజీవి సోకితే రొయ్య చావకుండానే రైతు మునుగుతాడు. మేత వేస్తూనే ఉంటాడు, కిలోకు ఎన్ని రొయ్యలో చెప్పే కౌంటు మాత్రం దిగదు. ఇక్కడ రోగనిర్ధారణ చేసే అమ్మాయికి చెరువు నీళ్లు ఏ కాలువ మీదుగా ఏ చెరువులోకి పోతున్నాయో తెలియకపోతే ఆమె ఇచ్చే రిపోర్టు రైతుకు సగమే అక్కరకొస్తుంది.

ఇక నా తీర్పు. అన్ని శాస్త్రాలూ రావాలని కుర్ర పరిశోధకులను తరిమేవాళ్లతో నేను ఏకీభవించను. చేతికి ఒక పనిముట్టు పూర్తిగా పట్టుబడకుండా పది తెలుసుకున్నవాడు సభల్లో మాట్లాడగలడు గానీ ఓడ మీద పనికిరాడు. ముందు ఒకటి లోతుగా నేర్చుకోండి. తర్వాత మీ ప్రశ్న ఎటు పోతే అటు, పక్క గది దాకా వెళ్లండి. అక్కడివాళ్ల రాతలు చదివి తప్పు పట్టగలిగేంత వస్తే చాలు.

తప్పంతా పిల్లల మీద తోయడమూ న్యాయం కాదు. జూనియర్ ఫెలోషిప్పు నెలకు 37,000 రూపాయలు. గడువులోగా సిద్ధాంత గ్రంథం ఇవ్వాలి, ఆ తర్వాత ఏడాదికో రెండేళ్లకో ముగిసే ఒప్పందపు కొలువులు. ఓడలో చోటు కోసం ఎదురుచూపులు వేరే. నాకు తెలిసిన ఒక సంస్థలో రెండు విభాగాల గైడ్లు కావాలన్న అమ్మాయి దరఖాస్తు ఫారంలో రెండో పేరుకు గడి లేదని వెనక్కొచ్చింది. ఐక్యరాజ్యసమితి 2021 నుంచి 2030 దాకా సముద్ర విజ్ఞాన దశాబ్దమని ప్రకటించి, అనుభవం పదేళ్లలోపు ఉన్నవారి కోసం ప్రత్యేకంగా ఒక కార్యక్రమం పెట్టింది. మంచిదే. గడి మాత్రం మనం గీసుకోవాల్సిందే.

అందుకే ఒక ప్రతిపాదన తెచ్చాను. 1937 వేసవిలో ఇదే కొత్తపట్నంలో ఆంధ్ర సోషలిస్టులు రాజకీయ పాఠశాల పెట్టారు. ప్రభుత్వం నిషేధించింది, లాఠీలు విరిగాయి, ఊరి పేరు దేశానికి తెలిసింది. వేసవి బడి ఈ ఊరికి కొత్త కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర బోట్లకు వేట నిషేధం. బోట్లు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ మనుషులు నీడపట్టున దొరుకుతారు. కాలేజీలకూ అప్పుడే సెలవులు. రెండు వారాల బడి పెడదాం. ఒకే ప్రశ్న, వేరువేరు శాస్త్రాల నుంచి ఇరవై మంది పరిశోధకులు, పాఠం చెప్పేవారిలో సగం మంది పల్లెపాలెం నుంచి. వారికి పారితోషికం ఆచార్యులతో సమానంగా ఇవ్వాలి, ఇందులో బేరం లేదు. మొదటి ఏడాది ప్రశ్న పెద్దాయన అడగనే అడిగారు.

చేరదలచినవారు, చోటూ భోజనమూ చూడగలవారు వెళ్లేముందు నిర్వాహకుల దగ్గర పేర్లు రాయించండి.