కాలు తీసినను కదలని కారు



గత మాసమున దోర్నాల నుండి శ్రీశైలమునకు మా మనుమని కారులో పోవుచుంటిని. మిట్టదారిలో ముందుబండ్లు నిలిచిపోగా అతడు కారు నాపి, బ్రేకుమీది కాలు తీసివేసెను. వెనుకకు జారుదుమని నా గుండె గుబేలుమనెను. కారు కదలలేదు. "తాతగారూ, అదే పట్టుకొని యుండును" అని యతడు ఎదుట వెలుగుచున్న పచ్చని దీపమును జూపెను.

ఈ యూహ నేటిది గాదు. అమెరికాలో స్టూడిబేకరు కారులకు 1936లోనే మిట్టపై వెనుకకు జారనీయని సాధన మమర్చిరి. నేటి విలువగల కారులలో, మనము త్రొక్కిన బ్రేకునూనె యొత్తిడిని కవాటములు మూసికొని యట్లే నిలుపును. ఆక్సిలరేటరు త్రొక్కగనే విడుచును.

త్రోవలో మంచినీళ్లకై దిగి, మరల బయలుదేరునపుడు అతడు ఆ మీట నొక్క మరచెను. మరియొక మిట్టపై నాగి కాలు తీయగనే కారు జానెడు వెనుకకు జారెను. వెనుక బస్సు! తటాలున బ్రేకు త్రొక్కెను గనుక బ్రదికితిమి. తప్పు యంత్రముది గాదు. దీపము చూడక కాలు తీసినవానిది.

కావున మీ బిడ్డలతో నిట్లు చెప్పుడు: దీపము వెలిగినగాని కాలు తీయరాదు, హ్యాండుబ్రేకు వేయక కారు దిగరాదు. సెలవు.