కుళ్లడం వేరు, మాగడం వేరు
(ఇంటింటి ఎరువు అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)

తరతరాల కిందట రాజపాళయం చేరి ఈ ఊరివారే అయిన తెలుగు కుటుంబాల పెద్దలకూ, ఉద్యోగరీత్యా ఇటీవల వచ్చి అద్దె ఇళ్లలో నివసిస్తున్న సోదరీసోదరులకూ వందనాలు. వంటింట్లో మిగిలే కూరగాయల తుక్కును వానపాముల తొట్టెకు మేతగా వేయడం ఎలాగన్నది నేటి విషయం.

అనువాదం వృత్తిగా గల నేను ముందుగా ఒక మాట గురించి చెప్పాలి. తమిళ ప్రకటనల్లో ‘మక్కుం కుప్పై’, ‘మక్కాద కుప్పై’ అని చూస్తుంటాం. తెలుగు రాష్ట్రాలలో వీటినే తడి చెత్త, పొడి చెత్త అంటున్నారు. మొదటిదానిని ‘కుళ్లే చెత్త’ అని తెనిగించినా తప్పు కాదు. అయితే మన రైతుల నోట అంతకంటె మంచి మాట ఉన్నది: మాగడం. రైతు పొలానికి తోలేది కుళ్లిన పేడను కాదు, మాగిన ఎరువును. గాలి ఆడనిచోట తుక్కు కుళ్లి కంపు కొడుతుంది. గాలి, తగినంత తడి, కొంత కాలం ఇచ్చినచో అదే తుక్కు మాగి మట్టివాసన వేస్తుంది. నేను చెప్పబోయేదంతా ఈ భేదం గురించే.

దీనితో మనకేమి పని అని అడగవచ్చు. తడి చెత్తను ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి పొడి చెత్తతో కలిపి పారవేస్తే, ఆ మూటను విప్పి వేరు చేయవలసినది ఒక పారిశుద్ధ్య కార్మికుని చేయి. అందులో గాజు పెంకు ఉండవచ్చు, వాడిన సూది ఉండవచ్చు. చెత్తను ఇంటివద్దనే మూడు విధాలుగా వేరుచేయాలని 2016లో వెలువడిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు అప్పట్లో గృహస్థులపై బాధ్యత ఉంచాయి. వేరుచేసిన తడి చెత్తలో కొంత ఇంటనే మాగితే, ఆ చేతుల మీది భారం అంతమేర తగ్గుతుంది.

వానపాము అల్పజీవి అనుకోరాదు. చార్లెస్ డార్విన్ 1837లోనే వానపాములపై లండన్‌లోని జియలాజికల్ సొసైటీలో వ్యాసం చదివి, 1881లో వాటిపై ఒక పుస్తకమే వెలువరించాడు. కాబేజీ, క్యారెట్ ఆకుల వంటివి పెట్టి వాటి ఇష్టాయిష్టాలను కూడ పరీక్షించాడు. వానపాముకు పళ్లు లేవు. సూక్ష్మజీవులు ముందుగా తుక్కును మెత్తబరచిన తరువాతనే అది తినగలదు. అది ఊపిరి పీల్చేది చర్మంతో. చర్మం ఎండితే చస్తుంది, నీరు నిలిచి గాలి అందకపోయినా చస్తుంది. ఈ రెండు సంగతులు గుర్తుంటే తొట్టె నిర్వహణలో సగం నేర్చినట్లే.

తొట్టెకు పెద్ద స్థలం అక్కరలేదు. అడుగునా పక్కలా చిన్న రంధ్రాలు చేసిన, అడుగు లోతుగల ప్లాస్టిక్ టబ్బు చాలు. లోపల నానబెట్టి పిండిన కొబ్బరి పొట్టు, ఎండుటాకులు, చింపిన వార్తాపత్రికలు, ఒకటి రెండు గుప్పెళ్ల మాగిన పేడ కలిపి పరవాలి. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలేంత తడి ఉండాలి. పైన తడి గోనెపట్టా కప్పాలి. నేల లోతున బొరియలు చేసుకొని బ్రతికే పెరటి వానపాములు ఇందుకు పనికిరావు. మన దేశపు పెరియోనిక్స్, ఐరోపా నుంచి వచ్చిన ఐసీనియా వంటి పైపొరలలో బ్రతికే జాతులను ఎరువు తయారు చేసేవారివద్ద తెచ్చుకోవాలి.

మేత విషయంలో మితమే ప్రధానం. అనుకూల పరిస్థితులలో వానపాములు రోజుకు తమ బరువులో సుమారు సగం తింటాయని లెక్క. 250 గ్రాముల పాములతో మొదలుపెడితే అది 125 గ్రాములు. అవి కొత్తచోటికి అలవాటుపడేవరకు అందులో సగమే, అనగా ఒక గుప్పెడు తుక్కు వేయండి. సొరకాయ, బీరకాయ చెక్కులు, అరటి తొక్కలు, ఆకుకూర కాడలు, వడకట్టిన టీపొడి శ్రేష్ఠం. చిన్న ముక్కలుగా తరిగి, ఒక మూల పాతి, పైన ఎండుటాకులు కప్పాలి. మరునాడు మరొక మూల. వేసినది తరగకుండా కొత్తది వేయరాదు.

వేయకూడనివి మన వంటింట ఎక్కువే. ఉప్పూ పులుపూ కలిసిన చింతపండు పిప్పి, ఊరగాయ, సాంబారు కలిపిన అన్నం, నూనె, పెరుగు, మాంసం, చేప తొట్టెలో పడరాదు. ఉప్పు వానపాముకు ప్రాణాంతకం. నిమ్మతొక్కలు, పచ్చిమిర్చి, ఉల్లి, వెల్లుల్లి పొట్టు వీలైనంత దూరంగా ఉంచండి. ఇవన్నీ పురపాలక సంఘం బండికి తడి చెత్తగా ఇవ్వవలసినవే.

పుల్లని వాసన వస్తే మేత ఎక్కువైనదని అర్థం. కొన్నాళ్లు మేత ఆపి, ఎండుటాకులు కలిపి గుల్లచేయండి. చిన్న ఈగలు ముసిరితే తుక్కు పైకి తేలినదని గ్రహించండి. చీమలు పడితే తొట్టె కాళ్లను నీటి పళ్లేలలో ఉంచండి. మన వేసవి ఎండలో 35 డిగ్రీలు దాటిన వేడి వాటికి ముప్పు. తొట్టె నీడనే ఉండాలి, గోనెపట్టా తడి ఆరరాదు. ఐప్పసి, కార్తిక మాసాల వానలకు తొట్టె నీటితో నిండకుండ చూరు కిందికి జరపండి.

రెండు మూడు నెలలలో అడుగున నల్లని, పొడిపొడిగా ఉండే ఎరువు కనబడుతుంది. దానిని ఒక పక్కకు తోసి, ఖాళీ అయిన పక్కన కొత్త పరుపు వేసి అక్కడే మేత పెట్టండి. పాములు క్రమంగా అటు తరలుతాయి. మిగిలిన ఎరువును కరివేపాకు, మల్లె కుండీలకు గుప్పెడు చొప్పున వేసుకోవచ్చు.

అద్దె ఇంట్లో ఉన్నవారు ఇల్లు మారేటప్పుడు తొట్టెను వెంట తీసుకుపోవచ్చు, ఇరుగుపొరుగు వారికైనా ఇచ్చిపోవచ్చు. ఇల్లాలొక్కతెకే ఈ పని అప్పగించక, తరిగేవారు ఒకరు, కప్పేవారు ఒకరు, తడి చూసేవారు ఒకరుగా పంచుకోండి. రేపటి కూర తరుగుతుండగా ఒక గిన్నె పక్కన పెట్టుకోండి. అందులో ఉప్పు తగలని తుక్కు మాత్రమే వేయండి. మొదలు పెట్టడానికి అంతకంటె మరేమీ అక్కరలేదు.