ముఖస్తుతి – హితోక్తి

ముఖస్తుతి చెవికి ఇంపు. హితోక్తి మనసుకు ములుకు. యథార్థవాది లోకవిరోధి యని మన పెద్దలు ఊరక అనలేదు. అయినను ఈ రెండింటిలో ప్రేమ దేనియందున్నదను ప్రశ్నను క్రైస్తవ జీవితము గడుపగోరువారు తప్పించుకొనజాలరు.

కుప్పము, పుంగనూరు సీమలవారికి మదనపల్లె చేరువనున్న ఆరోగ్యవరము పేరు కొత్త కాదు. పలు మిషనులు చేయి కలిపి 1915లో అక్కడ క్షయరోగులకై ఆరోగ్యశాలను నెలకొల్పినవి. క్షయను మాన్పు మందులు ఇంకను రాని ఆ దినములలో విశ్రాంతి, మంచి గాలి, పుష్టినిచ్చు ఆహారము, ఇవియే ప్రధాన చికిత్స. అట్టి రోగిని చూచి “నీకేమియు లేదు, కొంచెము నీరసము మాత్రమే” యని పలికి పంపు వైద్యుడు ఆ పూటకు ఇష్టుడే యగును. కాని ఆ తీయని మాటకు మూల్యము చెల్లించువారు రోగియు, అతనితో ఒకే గదిలో నిదురించు బిడ్డలును. రోగము పేరు చెప్పవలెను. చెప్పి, నెలల తరబడి మంచము చెంత నిలువవలెను. హితోక్తికి కొలత ఇదియే.

దోర్నకల్లు బిషప్పు వి. యస్. అజరయ్యగారి జీవితమున దీనికి తార్కాణము కలదు. తిరునల్వేలి సీమలో 1874లో పుట్టిన ఈ తమిళుడు 1909లో దోర్నకల్లు చేరి, తెలుగు నేర్చి, తెలుగు పల్లెలలో సేవ చేసెను. 1910 జూనులో ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. వచ్చిన ప్రతినిధులు సుమారు 1,200 మంది; వారిలో ఆసియావారు అతి కొద్దిమంది. ముప్పదియైదేండ్ల అజరయ్యగారు ఆ సభలో నిలిచి, మిషనరీల త్యాగమునకు మనసార కృతజ్ఞత తెలిపిరి. అంతటితో కూర్చున్నచో చప్పట్లు మ్రోగియుండెడివి. కాని ఆయన కూర్చుండలేదు. మీరు ధనమిచ్చితిరి, ప్రాణములనిచ్చితిరి, అయినను మాతో సమానముగ బల్లయొద్ద కూర్చుండు స్నేహమును ఈయలేదను భావమును వారి ఎదుటనే పలికిరి. ఆ మాట కొందరిని నొప్పించెను.

ఈ వాక్కులో మూడు గుణములు చూడదగినవి. అది వెనుక గొణిగినది కాదు, ఎదుట పలికినది. పరాభవింప నెంచినది కాదు, స్నేహమును కోరినది. పలికి తొలగిపోయినది కాదు. 1912 డిసెంబరులో కలకత్తాలో భారతీయులలో తొలి ఆంగ్లికను బిషప్పుగా అభిషిక్తులై, 1945 జనవరి 1న కన్నుమూయువరకు అజరయ్యగారు ఆ మిషనరీలతో కలిసియే పనిచేసిరి. పైవారికి చెప్పిన నోటితోనే తమ సంఘములకును చెప్పిరి: త్రాగుడు, అప్పు, అశుభ్రత, కులభేదము విడువుడని పల్లె పల్లెకు పోయి బోధించిరి. ఒకరికి చేదు, మరియొకరికి తీపి పంచలేదు.

మన సంఘములలో జరుగునదేమి? చందా దండిగ నిచ్చు పెద్దమనిషి త్రాగి ఇల్లాలిని కొట్టునని ఊరెల్ల నెరుగును. పండుగనాడు అతనికే పూలదండ పడును. దండ వేసినవారు అతనిని ప్రేమించినారా? అతని ఇల్లాలిని ప్రేమించినారా? మన మౌనమునకు మర్యాద యని పేరు పెట్టుకొందుము. దాని భారము మోయునది ఆ యిల్లాలు.

అట్లని కటువుగ మాటాడు ప్రతివాడును సత్యవంతుడు కాడు. తప్పును పదిమందిలో చాటి సంతోషించువాడు వైద్యుడు కాడు, పుండును కెలకువాడు. మత్తయి సువార్త 18వ అధ్యాయము మొదట ఒంటరిగ పోయి చెప్పుమనుటలోని దయ ఇదియే. వినినచో సోదరుడు దక్కును. విననిచో మరి ఇద్దరితో, పిమ్మట సంఘముతో చెప్పుమనుటలోని ధైర్యమును మరువరాదు.

కనుక నోరు విప్పుటకు ముందు మనలను మనము అడుగవలసినది ఒక్కటే: ఈ మాట చెప్పిన మరునాడు కూడ ఆ యింటి గడప తొక్కుటకు మనము సిద్ధముగ నున్నామా? ఉన్నచో చెప్పుదము.