స్వాతంత్ర్యం వచ్చాక పాత చట్టాలు ఏమయ్యాయి?

ముందుగా ఒక అబద్ధం సంగతి తేల్చాలి. బ్రిటిష్ వాళ్లు మనకు స్వాతంత్ర్యాన్ని 99 ఏళ్ల లీజుకిచ్చారని ఫోన్లలో ఒక కథ తిరుగుతోంది. చదువుకున్నవాళ్లే దాన్ని పదిమందికీ పంపుతున్నారు. దయచేసి మానండి. 1947 జులై 18న రాజు ఆమోదం పొందిన భారత స్వాతంత్ర్య చట్టంలో ఉన్నవి 20 సెక్షన్లు. ఒక్క సాయంత్రంలో చదివేయొచ్చు. లీజు మాట ఎక్కడా లేదు. పైగా, ఇక్కడ చేసిన చట్టం ఇంగ్లండు చట్టానికి విరుద్ధమన్న కారణంతో చెల్లకుండా పోదని ఆరో సెక్షన్ స్పష్టంగా చెబుతోంది.

పాత చట్టాలన్నీ స్వాతంత్ర్యం వచ్చిన రాత్రే ఎందుకు తగలెయ్యలేదని అడిగేవాళ్లు ఇంకొందరు. ఇంట్లో 1940 నాటి భూమి దస్తావేజు ఉంటే తీసి చూడండి. స్టాంపు మీద రాజు బొమ్మ ఉంటుంది. దాని కింద తాతగారి హక్కు ఉంటుంది. రిజిస్ట్రేషన్ చట్టం ఆగస్టు 15న మాయమైతే ఆ పొలం ఎవరిదని తేల్చేవారు? అందుకే, మార్చేదాకా ఉన్న చట్టమే నడుస్తుందని స్వాతంత్ర్య చట్టం 18వ సెక్షన్‌లో రాశారు. అది బద్ధకం కాదు, బాధ్యత.

పాత ఏర్పాట్లను కొనసాగించడం ఎంత అవసరమైందో తెలియాలంటే నోట్ల కథ వినండి, ఇది అందరూ తెలుసుకోవాల్సింది. పాకిస్తాన్‌కు అప్పటికి కేంద్ర బ్యాంకు లేదు. నోట్లు అచ్చేసే ప్రెస్సు నాసిక్‌లో ఉంది. ప్రత్యేక ఉత్తర్వు తెచ్చి, మన రిజర్వు బ్యాంకుకే రెండు దేశాల బాధ్యతా అప్పగించారు. ఆరో జార్జి బొమ్మ ఉన్న మన నోటు మీదే ‘పాకిస్తాన్ ప్రభుత్వం’ అని ఇంగ్లీషులో, ఉర్దూలో అచ్చువేసి అక్కడ చలామణీలో పెట్టారు. అవతల కాశ్మీర్‌లో యుద్ధం! దేశ విభజన పంపకంలో పాకిస్తాన్‌కు రావాల్సిన 75 కోట్ల రూపాయల్లో 20 కోట్లు ముందే ఇచ్చారు. ఆ యుద్ధం వల్ల మిగిలిన 55 కోట్లు ఆపి, గాంధీజీ నిరాహార దీక్షలో ఉండగా 1948 జనవరి 15న ఇస్తామని ప్రకటించారు. ఆ ఏడాది జులై 1న కరాచీలో స్టేట్ బ్యాంక్ ఆఫ్ పాకిస్తాన్ మొదలైంది. అంతదాకా కాగితం మీద రాసుకున్న ఏర్పాటే రెండు దేశాల సంతల్నీ నడిపింది.

సమయం మించుతోంది, మిగతావి క్లుప్తంగా. స్వాతంత్ర్య చట్టం ఏడో సెక్షన్ సంస్థానాల మీద బ్రిటిష్ సార్వభౌమాధికారాన్ని తీసేసింది. కానీ అవి ఎటు పోవాలో చెప్పలేదు. అందుకే హైదరాబాద్ సంస్థానం ఎటన్న చిక్కు 1948 సెప్టెంబరు దాకా సాగింది. మన కోర్టుల నుంచి లండన్ ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లే అప్పీళ్లు 1949 అక్టోబరులో ఆగిపోయాయి. చివరికి స్వాతంత్ర్య చట్టాన్నే మన రాజ్యాంగం 395వ అధికరణతో రద్దుచేసింది.

372వ అధికరణ మాత్రం పాత చట్టాల్ని కొనసాగించింది. 1860 నాటి శిక్షాస్మృతి 2024 జూన్ 30 దాకా నడిచింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం నేటికీ అమల్లో ఉంది.