కొండాపూరు నుండి కొండాపూరునకు: సైకిలుపై చరిత్రయాత్ర
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



తెలంగాణములో కొండాపూరు అను పేరుగల ఊళ్లు ఒకటి రెండు కావు. వానిలో రెండింటిని కలుపు దారియే నేటి ఉపన్యాస విషయము. మొదటి కొండాపూరు హైదరాబాదునకు పడమట శేరిలింగంపల్లి మండలములో ఉన్నది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి ఆ చుట్టుపట్టుల గుట్టలు కరిగి గాజుమేడలు లేచినవి. రెండవ కొండాపూరు సంగారెడ్డి జిల్లాలోనిది. దాని పొలిమేరలో ఒక మట్టిదిబ్బ కలదు. ఊరివారు దానిని కోటగడ్డ అందురు. ఒక ఊరిలో చరిత్ర మేడల క్రింద పడినది, మరియొక ఊరిలో మట్టి క్రింద నిదురించినది. రెంటికిని నడుమ దూరము 50 కిలోమీటర్లకు అటునిటు. తెల్లవారుజామున బయలుదేరిన సైకిలు పూటలో ఆ దూరమును దాటగలదు.

సైకిలు పుట్టుక గూర్చి రెండు మాటలు చాలును. 1817లో కార్ల్ ఫన్ డ్రైస్ అను జర్మను దేశీయుడు రెండు చక్రముల కొయ్యబండిని చేసెను. దానికి పెడళ్లు లేవు, కాళ్లతో నేలను తన్నుకొనుచు పోవలసినదే. 1885లో ఇంగ్లండులో స్టార్లీ సమానచక్రములు, గొలుసు గల బండిని వెలయించగా, 1888లో డన్‌లప్ గాలి టైరును కనిపెట్టెను. అంతటితో నేటి సైకిలు ఆకృతి ఏర్పడినది. తెలుగు పల్లెలకు అది బడిపంతులుగారితోను, తపాలా బంట్రోతుతోను వచ్చినది. పాలక్యానులు, కూరగాయల గంపలు, బియ్యపు మూటలు, వెనుక సీటుపై పసిబిడ్డ, ఇవన్నియు దానిపై ఊరేగినవి. నేడు కొండాపూరులో వేల రూపాయల సైకిలుపై శిరస్త్రాణము ధరించి పోవు ఉద్యోగి ఉన్నాడు. తెల్లవారుజామున అదే దారిని కాపలాపని ముగించి పాత సైకిలుపై ఇంటికి చేరు పేదవాడును ఉన్నాడు. వార్తాపత్రికలు మొదటివానిని గూర్చియే వ్రాయును. దారికి మాత్రము ఇద్దరును ఒక్కటే.

గ్రంథాలయ సభలో సైకిలు మాట ఏల అని ఎవరికైనను తోచవచ్చును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన పిదప, నిజాము రాష్ట్రములో తెలుగు పుస్తకము పాఠకుని వెదకికొనుచు ఊరూర తిరుగవలసి వచ్చినది. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకముల సంచిని మోసికొని పోయి అమ్మినవాడు. గోలకొండ అను పేరు కూడ గ్రంథాలయమునకు క్రొత్తది కాదు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో తమ పత్రికకు ఆ దుర్గము పేరే పెట్టిరి. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సమాధానముగా 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు చోటు చేసికొనిరి. పుస్తకములో చదివిన గోలకొండను చక్రములపై పోయి చూచుట గ్రంథపఠనమునకు కొనసాగింపే.

మొదటి కొండాపూరు నుండి దక్షిణమునకు తిరిగినచో దుర్గముచెరువు, దానిని దాటి షేక్‌పేట వచ్చును. దుర్గముచెరువు ఒకనాడు గోలకొండ కోటకు నీరందించినది. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి కలదు. అది రెండంతస్తుల బాటసారుల విడిది. మనుష్యులతోబాటు గుఱ్ఱములకును, ఒంటెలకును అందు చోటుండెడిది. యాత్రికునికి రాత్రి తలదాచుకొనుటకు చోటు, వాహనమునకు మేత, ఇవి రెండును ఉన్ననే దారి అనిపించుకొనును. నేటి సైకిలు యాత్రికునికి మేత అక్కరలేదు గాని, గాలి కొట్టు పంపు, పంచరు అతుకు, చాయ దుకాణము వద్ద బల్ల తప్పవు.

గోలకొండ కోట మొదట కాకతీయుల నాటి మట్టికోట. బహమనీల పాలనలో ఉండి, 1518లో సుల్తాన్ కులీ కుతుబ్‌షా స్వతంత్రుడైన పిదప రాజధాని అయినది. వెలుపలి ప్రాకారమునకు 87 బురుజులు, 8 ద్వారములు చెప్పుదురు. 1687లో ఔరంగజేబు సేన ఎనిమిది నెలలు ముట్టడించి గాని లోపలికి రాలేదు. రావడము కూడ ద్వారము తెరచుటవలననే గాని గోడ పగులుటవలన కాదు. గుమ్మటము క్రింద చప్పట్లు చఱచినచో కొండ పైని బాలాహిసారులో వినిపించు సంగతి బడిపిల్లలకు కూడ తెలియును. కంచెర్ల గోపన్నగారి చెఱను చూడని తెలుగువాడు ఉండడు. ఇంతటి కోటను మోటారులో వచ్చి చూచువాడు ద్వారము వద్ద దిగి ద్వారము వద్దనే ఎక్కును. సైకిలుపై వచ్చువాడు మాత్రము గోడ వెంబడి చుట్టి రాగలడు. ఆ చుట్టులోనే ముట్టడి ఎంత కష్టమో కాళ్లకు తెలియును. ఎక్కుడు దారిలో గేరు తగ్గించి రొప్పుచు పోవు బాటసారికి, ఫిరంగులు లాగిన ఎద్దుల అవస్థ కొంత అర్థమగును.

కొండాపూరునకు నైరుతిన గండిపేట చెరువు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరమును ముంచెత్తిన పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై కట్టిన ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తి అయినవి. ఈ జంటజలాశయముల పుణ్యమే పడమటి పల్లెల నిశ్శబ్దము. 1996 మార్చి 8 నాటి 111వ సంఖ్యగల ఉత్తర్వు వాని చుట్టు 10 కిలోమీటర్ల మేరలో మలినము వదలు పరిశ్రమలను, పెద్ద కట్టడములను అడ్డగించెను. 84 గ్రామములు అందు చేరినవి. ఆ ఉత్తర్వు కట్టుబాటులో ఉన్న కాలమంతయు చిలుకూరు, మొయినాబాదు ప్రాంతములు తోటలుగా, చేలుగా నిలిచినవి. రైతునకు భూమి ధర పెరుగలేదను బాధ ఉండినది. అది అబద్ధమనుటకు వీలు లేదు. 2022 ఏప్రిలులో 69వ సంఖ్యగల ఉత్తర్వు ఆ నిర్బంధమును సడలించుటకు పూనుకొన్నది. వ్యవహారము న్యాయస్థానమునకు ఎక్కినది. ఊళ్ల చుట్టు రాళ్లు పాతి తెల్లసున్నము పూసిన ఫ్లాట్లు కనబడుట నేడు వింత కాదు. ఈ దారులలో పోవు సైకిలువానికి ప్రతి ఏడు ఒక చెరువుగట్టు, ఒక పొలముబాట తగ్గినట్లు కానవచ్చును.

చేవెళ్ల దారి సంగతి ఇంతకన్న చిక్కైనది. హైదరాబాదు నుండి బీజాపూరు పోవు ఆ దారికి ఇరువైపుల వందలాది మఱ్ఱిచెట్లు ఊడలు దించి ఉన్నవి. వేసవిలో ఆ నీడ క్రింద పోవు సైకిలువానికి ఎండ ఒక కథ వలె దూరముగా నుండును. ఆ దారిని వెడల్పు చేయుటకు చెట్లు అడ్డమని ఒకరు, చెట్లు కాపాడుచునే దారి వేయవలెనని ఒకరు వాదించి, జాతీయ హరిత న్యాయాధికరణము దాక పోయిరి. ఇంతలో 2025 నవంబరు మొదటి వారములో మీర్జాగూడ వద్ద కంకర లారీ, తాండూరు నుండి వచ్చుచున్న ఆర్టీసీ బస్సు ఢీకొని పలువురు ప్రయాణికులు మరణించిరి. ఇరుకు దారి మనుష్యులను తిన్నది. చెట్ల నీడను ప్రేమించువారు ఈ మాటను దాటవేయరాదు. దారి వెడల్పు కోరువారు నూరేండ్ల మఱ్ఱి మఱల నూరేండ్లకు గాని రాదనుట మఱువరాదు. సైకిలు త్రొక్కువాడు రెంటికిని సాక్షి. వెనుక నుండి వచ్చు లారీ గాలి తాకిడికి తూలిన బాధ అతనికి తెలియును, మఱ్ఱినీడ విలువయు తెలియును.

నగరములో సైకిలునకు ప్రత్యేకమైన దారి లేకపోలేదు. బాహ్యవలయ రహదారి వెంట, పైన సూర్యఫలకల కప్పుతో 23 కిలోమీటర్ల బాటను 2023 అక్టోబరు 1న ప్రారంభించిరి. ఒక భాగము నానక్‌రామ్‌గూడ నుండి పోలీసు అకాడమీ వైపునకు, మరియొకటి నార్సింగి నుండి కొల్లూరునకు పోవును. అభ్యాసమునకు అది మంచిదే. అయితే కొల్లూరు చేరిన పిదప కప్పు ముగిసి ఆకాశము మొదలగును. యాత్రయు అక్కడనే మొదలగును.

అక్కడి నుండి శంకర్‌పల్లి వైపు దారి. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు వేసిన నిజాము రైలుమార్గము ఈ ప్రాంతమునుండియే పోవుచున్నది. ఎఱ్ఱనేల క్రమముగా నల్లరేగడిగా మారును. కూరగాయల మళ్లు, ప్రత్తిచేలు, జొన్నచేలు. కొన్ని ఊళ్ల నడుమ రాతి బురుజులు నిలిచి ఉన్నవి. దోపిడీ మూకలు వచ్చినపుడు ఊరివారు ధాన్యముతో, పశువులతో ఆశ్రయించినవి అవియే. కొన్ని ఊళ్లలో గడీలు కలవు. బురుజు ఊరిని కాచినది, గడీ ఊరిని ఏలినది. వెట్టిచాకిరి చేసిన ముసలివారు గడీ గుమ్మమును ముచ్చటగా చూడజాలరు. ఫ్రాన్సు దేశములో లువార్ నది వెంబడి రాజభవనములను సైకిలుపై చూచుటకు దేశదేశముల వారు పోవుదురు. అక్కడి గోడలు కూడ ఇట్టి చాకిరితోనే లేచినవి. అయినను వానిని కాపాడిరి. తెలంగాణములోను కామారెడ్డికి సమీపమునగల దోమకొండ కోటకు 2022లో యునెస్కో వారి వారసత్వ పరిరక్షణ పురస్కారము లభించినది. గోలకొండ సమాధుల ఆవరణలోని మెట్లబావులకును ఆ సంవత్సరమే అట్టి పురస్కారము వచ్చినది.

శంకర్‌పల్లి దాటి వాయవ్యమునకు పోయినచో రెండవ కొండాపూరు వచ్చును. కోటగడ్డను 1900లో హెన్రీ కజిన్స్ గుర్తించెను. 1940–42 నడుమ నిజాము పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపిరి. ఇటుక కట్టడములు, శాతవాహన రాజుల నాణెములు, ఇనుప పనిముట్లు, పూసలు, తెల్లమట్టి బొమ్మలు బయటపడినవి. రోము చక్రవర్తి అగస్టసు బంగారునాణెము ఒకటి ఇందు దొరకినది. సముద్రము దాటి వచ్చిన ఆ నాణెము ఏ ఎద్దుబండిలో, ఏ వర్తకుని మొలత్రాటి సంచిలో ఈ దిబ్బ దాక వచ్చెనో ఊహించువారికి 50 కిలోమీటర్ల త్రొక్కుడు పెద్దదిగా తోచదు. పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల శుక్రవారము మూసియుండును. ఈ సంగతి తెలియక పోయి తలుపు చూచి వచ్చినవారు ఉన్నారు.

దూరము త్రొక్కగోరు యువకులకు రాండనియరింగు అను క్రమమున్నది. అది పందెము కాదు, గడువు లోపల చేరుటయే గెలుపు. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషములు, 300కు 20 గంటలు, 600కు 40 గంటలు గడువు. 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ యాత్రలో 1200 కిలోమీటర్లకు 90 గంటలు. హైదరాబాదులోను ఇట్టి యాత్రలు జరుగుచున్నవి. కొండాపూరు నుండి కొండాపూరునకు పోయి తిరిగి వచ్చుట 200 కిలోమీటర్ల యాత్రలో సగమునకు సమానము.

బయలుదేరుటకు శీతకాలము మేలు. వెనుక ఎఱ్ఱదీపము, తలకు శిరస్త్రాణము, రెండు సీసాల నీరు, కొంచెము బెల్లము, అటుకులు వెంట నుండవలెను. చైనుకు నూనె ముందురాత్రియే వేయవలెను. వర్షాకాలములో గాలి పడమటి నుండి వీచును. పోవునపుడు ఎదురై, వచ్చునపుడు వెన్ను తట్టును. కార్తీక మాఘములలో అది తిరుగబడి, తూర్పుముఖముగా ఇల్లు చేరు దారి బరువగును. కావున అట్టి దినములలో కోటగడ్డ వద్ద ఎక్కువసేపు కూర్చుండక, పది గంటలకే తిరుగుముఖము పట్టుట మంచిది.