గుండె చికిత్సకు తొలి అభ్యాసము

ఇంటి పెద్దకు గుండెనొప్పి వచ్చినది. మణికట్టువద్దనో తొడవద్దనో ధమనిలోనికి సన్నని గొట్టమును పంపి, గుండెవద్ద పూడిన రక్తనాళమును తెరవవలెనని వైద్యులు చెప్పిరి. "ఈ పనిని మీరిదివరకు ఎన్నిసార్లు చేసితిరి?" అని అడుగుటకు మనకు నోరు రాదు. అయినను ఆ ప్రశ్న మనసులో మెదలక మానదు. ఎంతటి నిపుణునికైనను మొదటి రోగి యొకడు ఉండి తీరును గదా!

1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అను యువవైద్యుడు అట్టి గొట్టమును తన చేతి సిరలోనికే ఎక్కించుకొని, ఎక్స్‌రే గదికి నడిచిపోయి, అది గుండెను చేరినదని చూపెను. తొలి రోగి తానే అయ్యెను. 1956లో నోబెల్ బహుమానమును మరి ఇద్దరితో కలిసి అందుకొనెను. 1977లో జ్యూరిచ్ నగరమున ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ చిన్న బుడగతో గుండె ధమనిని తొలిసారి విప్పెను. అటుపిమ్మట ఈ విద్యను నేర్చువారందరు తమపై తామే ప్రయోగించుకొనలేరు. గురువు ప్రక్కన నిలిచి చూచుట, పిదప ఆయన కనుసన్నలలో రోగికే చేయుట, ఇదియే మార్గమైనది.

విమానచోదకులకు ఇంతకన్న మంచి దారి దొరకినది. అమెరికాలో ఎడ్విన్ లింక్ 1920ల చివరనే నేలను విడువని శిక్షణ విమానమును నిర్మించెను. వైద్యులకు అట్టిది 1968లో లభించినది. మయామీ విశ్వవిద్యాలయమునకు చెందిన మైకేల్ గోర్డన్ "హార్వీ" అను నిలువెత్తు బొమ్మను ప్రదర్శించెను. దాని రొమ్ముపై స్టెతస్కోపు నుంచినచో జబ్బుగుండెల చప్పుడు వినిపించును. నాడి చేతికి తగులును.

నేటి యంత్రములు ఇంకను ముందునకు పోయినవి. బొమ్మలోనికి తీగను పంపగా, తెరపై ఎక్స్‌రే చిత్రములో అది కదలును. మొండిగా నెట్టినచో నాళము చిల్లుపడును, రక్తపుపోటు పడిపోవును. కాని ఎవరి ప్రాణమును పోదు, మరల మొదలుపెట్టవచ్చును. 2004లో మెడ ధమనిలో అమర్చు స్టెంటును అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించినపుడు, వైద్యుల శిక్షణలో ఇట్టి అభ్యాసమునకును చోటు కలిగినది.

అయినను యంత్రము భయపడదు. దాని బంధువులు తలుపు వెలుపల వేచియుండరు. కనుక గురువు చేయి ప్రక్కన ఉండవలసినదే. యంత్రము చేయగల మేలొక్కటి: తొలి తడబాటును తాను భరించును.

మా మనవి ఇంతే. వ్యవధి యున్నపుడు, వైద్యుని ఆ ప్రశ్న అడుగుడు. మంచి వైద్యుడు నొచ్చుకొనడు.